ఐదు గంటల అదురు

కవాసకి
డిసెంబరు 27

తొకుజో సరంగు గారికి,

చలిగా ఉంది. మీ ఊళ్ళో ఇంకా ఎక్కువ ఉంటుంది.

మా బజారువీధి వాళ్ళు ఏడాది చివర పెట్టే లాటరీలో నాకు రెండో బహుమతి వచ్చింది. మూడో బహుమతి బియ్యం బస్తా. అదే వస్తే బాగుండునని రంగు గోళీల చక్రం తిప్పాను. ఎర్ర గోళీ పడింది. గంట కొట్టారు. అందరూ నన్నే చూశారు. ఒక వీడియో గేము పెట్టె చేతిలో పెట్టి పంపారు.

టీవీకి తగిలించాను. దానితో వచ్చిన ఆట ఒక్కటే. చేపల పడవ ఆట. ఉత్తర సముద్రంలోకి పోవాలి, వల వెయ్యాలి, చీకటి పడేలోగా రేవుకి రావాలి. పడవ మన పడవలాగే ఉంది. పొగగొట్టం వెనకవైపు వాలి ఉండటం కూడా అలాగే ఉంది. తెలిసినవాళ్ళెవరో గీశారు. ఇంజను మోత ఒక్కటే తప్పు. టీవీలోంచి కుట్టు మిషనులా వినిపిస్తుంది.

నా చెవుల సంగతి మీకు తెలుసు. సన్న మోతలు పోయి పదేళ్ళయింది. లావు మోతే ఆనుతుంది. అది అందులో లేదు.

కరెంటు సామాన్ల కొట్టులో అడిగాను. అక్కడి అమ్మాయి "బేసు కావాలంటే ఊఫర్ డబ్బా పెట్టుకోవాలి తాతగారూ. మీరు ఫ్లాటులోనా ఉండేది?" అంది. అవునన్నాను. "అయితే వద్దు. కిందవాళ్ళు ఊరుకోరు" అంది.

నిజమే. మా గోడలు పల్చన. పక్కింటాయన తుమ్మితే నేను ఉలిక్కిపడతాను.

ఇంతే సంగతులు.

ఎయికిచి


కెసెన్నుమ
జనవరి 9

ఒరేయ్ ఎయికిచి,

ఉత్తరం రాసేవాడు ముందు రుతువు గురించి నాలుగు ముక్కలు రాయాలి, ఎదుటివాడి ఒంట్లో ఎలా ఉందో అడగాలి. నువ్వు "చలిగా ఉంది" అన్నావు. బడిలో నీకు చదువు చెప్పిన పంతులు బతికుంటే ఏడ్చేవాడు. నలభై ఒక్క ఏళ్ళు నేను పైన పడవ నడుపుతుంటే నా కాళ్ళ కింద ఇంజను గదిలో ఉన్నావు. ఆ నలభై ఒక్క ఏళ్ళలో నువ్వు మాట్లాడింది ఇప్పుడు రాసిన ఉత్తరంలో సగం ఉండదు.

నేను బాగానే ఉన్నాను. కొండమీద కట్టిన కొత్త ఇంట్లో గాలి ఎక్కువ. సముద్రం కనిపిస్తుంది, వాసన రాదు. పొరుగింటి ఆడవాళ్ళు పొద్దున్నే వ్యాయామానికి రమ్మని తలుపు కొడతారు. చచ్చినట్టు వెళుతున్నాను.

మన పడవ రేవులోనే ఉంది. బాగానే ఉంది.

నాకు తెలియక అడుగుతాను, ఆట ఆడుకోక నీకు మోత ఎందుకురా? మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకున్న నాకు, ఇప్పుడు నువ్వు దానికోసం కొట్ల వెంట తిరుగుతున్నావంటే నవ్వొస్తోంది.

తొకుజో


కవాసకి
ఫిబ్రవరి 3

సరంగు గారికి,

మోత ఎందుకని అడిగారు. ఆలోచించాను. రాయడానికి నెల పట్టింది.

నాకు నిద్ర పట్టదు. పడవ దిగినప్పటినుంచీ పట్టదు. ఇంజను గదిలో పలక మీద పడుకునేవాడిని. వీపు కింద అదురు ఉండేది. అదురు మారితే మెలకువ వచ్చేది, మారకపోతే పొద్దెక్కేదాకా నిద్ర. ఇక్కడ నేల కదలదు. తొమ్మిదేళ్ళుగా కదలని నేల మీద కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాను. డాక్టరుకి చెబితే వయసు అన్నాడు.

కొట్టు అమ్మాయి మంచిది. మళ్ళీ వెళితే ఇంకో వస్తువు చూపించింది. అరచేతంత ఇనప బిళ్ళ. కుర్చీ అడుగున బిగించుకోవాలి. మోత చెయ్యదు, ఆటలోని బేసుకి తగ్గట్టు అదురుతుంది. "చెవికి కాదు తాతగారూ, ఒంటికి వినిపిస్తుంది. పక్కవాళ్ళకి చప్పుడుండదు" అంది. తెచ్చుకున్నాను.

చెక్క కుర్చీకి బిగించాను. మొదట కుర్చీ గడగడలాడింది. వదులుగా ఉన్నదే మోత చేస్తుంది కదా. కుర్చీ కాళ్ళు ఒక చెక్క పలకకి బోల్టులతో బిగించాను. పలకని నేలకి అదిమి పెట్టడానికి, భూకంపానికి పడకుండా బీరువా మీద నిలబెట్టే కడ్డీలు ఉంటాయే, ఆ నాలుగూ తీసి పలక మూలల నుంచి పైకప్పుకి బిగించేశాను. ఇప్పుడు కుర్చీ ఇసుమంత కదలదు. గడగడ లేదు.

ఊరి మైకుల్లో రోజూ సాయంత్రం వేసే ఐదు గంటల పాట అయిపోగానే కూర్చుంటాను. బొత్తం నొక్కితే ఇంజను అంటుకుంటుంది. ఒక్క తోపు తోస్తుంది, తర్వాత సన్నగా అదురు. మన ఆరు సిలిండర్ల ఇంజనే. గంటసేపు కూర్చుంటాను. మూడు రోజులుగా రాత్రి నిద్ర పడుతోంది.

ఎయికిచి


కెసెన్నుమ
ఫిబ్రవరి 12

ఎయికిచి,

నీ ఉత్తరం పెద్దదయింది. భయపడ్డాను, ఒంట్లో బాగాలేదేమోనని.

నిద్ర పట్టడం మంచి మాట. నాకూ పట్టదు. నాది వేరే కారణం, వదిలేద్దాం.

కుర్చీని పైకప్పుకి కడ్డీలు వేసి బిగించానన్నావు. నీ చేతికి రెంచి ఇస్తే ఇల్లంతా బిగించేస్తావు. ఒకసారి వంట గిన్నెల బీరువా గలగలమంటోందని తలుపుకి బోల్టు కొట్టావు. రెండు రోజులు వంటవాడు గిన్నెల్లేక మన తిండి మాన్పించాడు. గుర్తుందా?

వ్యాయామం ఇప్పుడు వారానికి ఐదు రోజులు చేశారు. నా ఖర్మ.

తొకుజో


కవాసకి
ఫిబ్రవరి 24

సరంగు గారికి,

మీ దగ్గర భూమి అదురుతోందా? ఇక్కడ చిన్న అదుర్లు వస్తున్నాయి. సాయంత్రాలు వస్తున్నాయి.

మా మెట్ల దారిలో పది ఇళ్ళు. అదిరినప్పుడల్లా అందరూ ఎమర్జెన్సీ సంచులు పట్టుకుని మెట్ల మీదికి వస్తున్నారు. టీవీలో ఏమీ చెప్పడం లేదు. నాలుగో అంతస్తు టాక్సీ డ్రైవరు ఓనుకి గారు భవనమే కుంగుతోందంటున్నారు. వార్డు ఆఫీసుకి ఫోను చేశారు. ఒక మనిషి వచ్చి గోడలు తట్టి చూసి పోయాడు.

నా కిందింట్లో కురమోచి గారని ఒకావిడ ఉన్నారు. ఒంటరి మనిషి. మీ ఊరికి ఎగువన ఉండే రేవు ఆవిడది. ఆ పెద్ద సునామీ తర్వాత ఇక్కడికి వచ్చారు. అన్నం తినేటప్పుడు కూడా బూట్లు వేసుకునే ఉంటున్నారట. నిన్న మెట్ల మీద నా పక్కన నిలబడ్డారు. "మీకు భయం లేదా ఎయికిచి గారూ? మీరెప్పుడూ ఆఖర్న వస్తారు" అన్నారు. నేను సంచి చెయ్యి మార్చుకున్నాను.

ఎయికిచి


కెసెన్నుమ
మార్చి 2

ఎయికిచి,

ఇక్కడ అదుర్లు లేవు. పేపరు తెప్పించి చూశాను. టోక్యోలో లేవు, యొకొహామాలో లేవు. మీ మెట్ల దారి పది ఇళ్ళకే వస్తున్నాయి. అదీ సాయంత్రం వస్తున్నాయి. ఎన్నింటికి వస్తున్నాయో నువ్వు రాయలేదు. నేను రాస్తాను. ఐదింటికి.

అది నీ కుర్చీ. నువ్వు బిగించిన కడ్డీలు నీ పైవాడి నేలనీ కిందావిడ కప్పునీ కలిపేశాయి. నువ్వు ఇంజను అంటిస్తే భవనమంతా పడవ అవుతోంది. ఇది నీకు తెలియదంటే నమ్మను. ఇంజను మేస్త్రీవి.

ఎప్పుడూ రాయనిది ఒకటి రాస్తాను. ఆ సునామీ వచ్చిన మార్చిలో, పెద్ద భూకంపానికి రెండు రోజుల ముందు చిన్నది ఒకటి వచ్చింది. సైరను మోగింది. నేనూ మా ఆవిడ సదకోనూ కొండెక్కాం. అల మోకాలి ఎత్తు కూడా రాలేదు. అందరూ నవ్వుకుంటూ దిగారు. రెండు రోజుల తర్వాత పెద్దది వచ్చినప్పుడు నేను పడవలో ఉన్నాను. పొరుగామె చెప్పింది, సదకో "మొన్నటిలాంటిదేలే" అని బట్టలు తియ్యడానికి వెనక్కి వెళ్ళిందట.

ఇది నీకు ఎందుకు రాశానో తెలుసుకో.

తొకుజో


కవాసకి
మార్చి 10

సరంగు గారికి,

మీరు అన్నది నిజం.

అందరూ మెట్ల మీదికి వచ్చిన మొదటి రోజు నాకు తెలియదు. కుర్చీలో ఉంటే బయటి అదురు తెలియదు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు తెలిసింది. తెలిశాక కూడా పద్దెనిమిది రోజులు కూర్చున్నాను. చిన్నగా పెట్టుకున్నాను, అయినా కూర్చున్నాను. ఆట ఆపి సంచి పట్టుకుని వాళ్ళతో పాటు మెట్ల మీద నిలబడ్డాను. నాకు సిగ్గుగా ఉంది. రోజురోజుకీ చెప్పడం ఇంకా కష్టమైంది.

మీ ఉత్తరం వచ్చిన రోజే ఆపేశాను. కడ్డీలు బీరువా మీదికి మార్చాను.

ఆపితే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. అదుర్లు ఆగిపోవడంతో కురమోచి గారికి ఇంకా భయమైంది. పెద్దది వచ్చేముందు చిన్నవి ఆగుతాయని ఆవిడ అంటున్నారు. ఇల్లు ఖాళీ చేస్తానని ఆఫీసుకి కాగితం ఇచ్చేశారు. నెలాఖరుకి వెళతారట. కొండప్రాంతంలో చెల్లెలి ఇంట్లో ఒక మూల ఇస్తారట. ఆ ఇంట్లో ఇప్పటికే ఆరుగురు. వెళ్ళడం ఇష్టం లేదని చెత్త డబ్బాల దగ్గర ఎవరితోనో అంటుంటే విన్నాను.

రెండుసార్లు ఆవిడ తలుపు దాకా వెళ్ళాను. గంట నొక్కలేదు.

ఎయికిచి


కెసెన్నుమ
మార్చి 13
(కార్డు)

కిందికి దిగు. గంట నొక్కు. చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

తొకుజో


కవాసకి
మార్చి 30

సరంగు గారికి,

చెప్పాను.

వట్టి చేతులతో వెళ్ళలేకపోయాను. ఒక తువ్వాలు కొని కాగితంలో చుట్టించాను. కొత్తగా ఇంట్లో దిగినప్పుడు ఇరుగుపొరుగుకి ఇచ్చే తువ్వాలు. పైన ఏమి రాయమంటారని కొట్టువాడు అడిగాడు. తోచలేదు. నా పేరు రాయమన్నాను.

కురమోచి గారు తలుపు తీసి తువ్వాలు చూశారు. "మీరు దిగి తొమ్మిదేళ్ళయింది కదండీ" అన్నారు.  "ఒకసారి పైకి రండి" అన్నాను. వచ్చారు. కడ్డీలు మళ్ళీ బిగించి చూపించాను. బొత్తం నొక్కాను. ఆవిడ నేల మీద అరచెయ్యి పెట్టారు. నేను ఆపేదాకా తియ్యలేదు. లేచి బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. 

మూడు రోజుల తర్వాత గంట మోగింది. ఆవిడే.

"నా ఒక్కదానికి చెబితే సరిపోతుందా? మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మనుషులు కారా?"

ఎనిమిది తువ్వాళ్ళు కొన్నాను. ఆవిడ నా వెనకే నడిచారు. నేను పారిపోతాననుకున్నారేమో.

ఐదో అంతస్తు ఆవిడ "అయితే నేను గదినిండా కొన్న నీళ్ళ సీసాలు ఏం చెయ్యను?" అంది. నా వెనకనుంచి కురమోచి గారు "తాగండి" అన్నారు. మొదటి అంతస్తు ఇల్లాలు నా మాట పూర్తి కాకుండానే లోపలికి తిరిగి "ఏవండీ, ఇలా రండి. అదిరింది అదిరింది అంటే నాకు తల తిరుగుడు అన్నారుగా, ఈయన ఏమంటున్నారో వినండి" అంది. ఆయన రాలేదు. టాక్సీ ఓనుకి గారు చేతులు కట్టుకుని అంతా విన్నారు.

"ఆటా?"

"ఆటే."

"చేపలు పడతాయా?"

"పడతాయి."

"వార్డు ఆఫీసులో నన్ను పిచ్చివాడిలా చూశారండీ" అని తువ్వాలు తీసుకుని తలుపేశారు.

మెట్ల పక్క రెయిలింగు పట్టుకుని దిగాను. తుఫానులో కూడా దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు.

కురమోచి గారు ఇంటి కాగితం వెనక్కి తీసుకోలేదు. మే నెలాఖరుకి గడువు మాత్రం మార్పించారు. "మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. కానీ నా ఒళ్ళు నమ్మడం లేదు" అన్నారు.

నేను ఇప్పుడు ఆడటం లేదు. నిద్ర లేదు. పరవాలేదు.

ఎయికిచి


కెసెన్నుమ
ఏప్రిల్ 8

ఎయికిచి,

తొమ్మిది తలుపులు కొట్టావంటే నమ్మలేకపోతున్నాను. కురమోచి గారిని మన పడవలో నాకు తోడు సరంగుగా ఇచ్చి ఉంటే నలభై ఏళ్ళ కిందటే నీచేత మాట్లాడించేవాళ్ళం.

దీనితో ఒక పార్సెలు వస్తుంది. నాలుగు రబ్బరు దిమ్మలు. మన పడవలో లైట్ల జనరేటరు కాళ్ళ కింద ఉండేవి. పెద్ద ఇంజనువి కూడా దొరికాయి, కానీ అవి నాలుగు టన్నుల బరువుకి చేసినవి, నీ ఎముకలకి అణగవు. ప్రతి మూడేళ్ళకీ వీటిని మార్చింది నువ్వే. బోల్టు బిగించడం గుర్తుంచుకుని కింద రబ్బరు పెట్టడం మరిచిపోయావు. ముసలితనం.

ఇవి ఎలా దొరికాయని అడుగుతావు. పడవ రేవులో బాగానే ఉందని రాశాను. అబద్ధం. నవంబరులోనే ఒడ్డుకి లాగి కోసేశారు. చూడటానికి ఇద్దరమే వెళ్ళాం, నేనూ పాత వంటవాడూ. రెండు రోజుల్లో అయిపోయింది. నీకు రాయలేకపోయాను. నీ ఉత్తరాల్లో పడవ ఆట సంగతి చదువుతూ ఇంకా రాయలేకపోయాను. నీకు చెప్పే ధైర్యం లేదని నిన్ను తిట్టినవాణ్ణి నేనే.

కడ్డీలు తీసెయ్యి. కుర్చీ దేనికీ తగలకూడదు. ముందు కిందావిడని అడిగి పెట్టు.

తొకుజో


కవాసకి
మే 14

సరంగు గారికి,

దిమ్మలు అందాయి. ఒకదాని మీద నేను గీసిన అంకె ఉంది, మార్చిన ఏడాది. కడిగి ఆరబెట్టాను. పడవ సంగతికి జవాబు రాయడం నాకు చేతకాదు.

కురమోచి గారిని అడిగాను. "సరే, చూద్దాం" అన్నారు. ఆవిడ కింద చీపురు కర్ర పట్టుకుని కూర్చుంటారు, అదురు తెలిస్తే కప్పు మీద ఒక దెబ్బ. నేను పైన కూర్చున్నాను. దిమ్మలు పెట్టి నడిపాను. దెబ్బ. తగ్గించాను. దెబ్బ. మర్నాడు దిమ్మల కింద సైకిలు ట్యూబు సగం గాలితో పరిచాను. నడిపాను. దెబ్బ లేదు. పెంచాను. లేదు. పూర్తిగా పెంచాను. కింద ఆవిడ స్పృహ తప్పి పడిపోయారేమోనని దిగి వెళ్ళాను. పప్పులు ఒలుచుకుంటున్నారు. "మొదలుపెట్టారా?" అన్నారు.

కుర్చీలో మాత్రం వెనకటికంటే బాగుంది. అదురు నేలలోకి పోకుండా నాకే మిగులుతోంది.

ఈ మాటలతో ఉత్తరం ముగిద్దామనుకుంటూ ఉండగా ఇంకొకటి జరిగింది.

మొన్న తొమ్మిదో తారీఖున, నాలుగున్నర. నేను బియ్యం కడుగుతున్నాను. గిన్నెలో నీళ్ళు గుండ్రంగా లేచాయి. దీపం ఊగింది. కింద నుంచి కప్పు మీద రెండు దెబ్బలు గట్టిగా వినబడ్డాయి. తడి చేతులతోనే తలుపు తీశాను. పైనుంచి ఓనుకి గారు, ఐదో అంతస్తు ఆవిడ సంచులతో దిగుతున్నారు. కింది మెట్ల దగ్గర కురమోచి గారు ఏప్రను కట్టుకుని నిలబడ్డారు. కాళ్ళకి బూట్లు లేవు, ఇంట్లో చెప్పులే. నవ్వుతున్నారు.

"కంగారు పడకండి. మన ఇంజను మేస్త్రీ గారే. ఈపూట పెందలాడే బయల్దేరారు, జోరు ఎక్కువైంది. వెళ్ళండి, వెళ్ళి పనులు చూసుకోండి."

ఓనుకి గారు ఆగారు. "ఏమండీ, మళ్ళీనా? ఇంకెన్ని తువ్వాళ్ళు ఇస్తారు?" అన్నారు. ఐదో అంతస్తు ఆవిడ పైకి తిరిగింది.

కురమోచి గారిని నేను ఎన్నడూ అలా చూడలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి భయం లేకుండా ఉన్నారు. నేను అవునంటే చాలు. క్షమించండి అంటే చాలు. ఆ మాట నాకు తేలిక. అందరూ లోపలికి పోయేవాళ్ళు.

"నాది కాదు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. "నాది కాదు. కుర్చీ ఆపి ఉంది. ఇది నిజమైనది. దిగండి."

కురమోచి గారి ముఖం పాలిపోయింది. మెట్టు మీద అలాగే ఉండిపోయారు. నేను ఆవిడ ఇంట్లోకి వెళ్ళి బూట్లు తెచ్చాను. వంగి తొడిగాను. చెయ్యి పట్టుకుని దింపాను. ఐదో అంతస్తు ఆవిడ మా వెనకే దిగింది. అందరం పార్కులో అరగంట నిలబడ్డాం. రెండోది ఒకటి వచ్చింది, చిన్నది. తర్వాత ఏమీ లేదు. ఈసారి టీవీలో కూడా చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ పక్కనే నడిచాను. నేను తప్పు చేశానా అని అడిగాను. ఆవిడ మెట్లెక్కి తలుపు దాకా వచ్చి అప్పుడు అన్నారు.

"మీరు అవునని ఉండి, తర్వాత టీవీలో నిజం తెలిస్తే, నేను ఇవాళే సామాను సర్దేదాన్ని. ఇకమీదట ప్రతిసారీ మీరే వచ్చి చెప్పండి. మీదైనా, కాకపోయినా."

సరేనన్నాను.

నిన్న చెత్త తీసుకెళ్ళే రోజు. ఆవిడ సామాను కోసం తెచ్చుకున్న అట్టపెట్టెలు చదును చేసి, తాడుతో కట్టి బయట పెట్టారు. 

ఇప్పుడు రోజూ ఐదింటికి ముందు ఒక అంతస్తు దిగి గంట నొక్కుతున్నాను. "మొదలుపెడతాను" అంటాను. "సరే" అంటారు. అంతే మా మాటలు. కింద ఏమీ తెలియదని ఇద్దరికీ తెలుసు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అయినా దిగుతున్నాను.

ఎయికిచి